మూడో చెట్టు చప్పుడు

మాధురి పెరటి తలుపు తీస్తే ముందుగా కనపడేది చెరువు కాదు, చెరువు గట్టున వరసగా నిలబడ్డ అయిదు కొబ్బరి చెట్లు. అయిదూ నీటి వైపే వంగి ఉంటాయి. మధ్యదాన్ని ఇంట్లో మూడో చెట్టు అంటారు. అటు నుంచి లెక్కపెట్టినా ఇటు నుంచి లెక్కపెట్టినా అది మూడోదే.

ఆ చెట్లు వేసింది ఆమె అత్తగారు వీరాయమ్మ. పదిహేనేళ్ళ కిందటి వరకూ ఆ గట్టు ఏటా వానలకి కాస్త కాస్త జారి చెరువులో కలిసిపోయేది. పెరడు సగం పోయింది. ఇక జారాల్సింది వంటిల్లే అన్నప్పుడు, వేసవిలో చెరువు అడుగంటాక, ఆవిడ తట్టలతో మట్టి మోసి గట్టు పోసి దాని మీద అయిదు మొక్కలు పెట్టింది. వేళ్ళు మట్టిని పట్టేసుకున్నాయి. ఆ తరవాత గట్టు జానెడు కూడా కదల్లేదు. ఊళ్ళో వాళ్ళకి కొబ్బరి చెట్టంటే కాయ. వీరాయమ్మకి ఆ అయిదూ గోడ.

మాధురికి మాత్రం అవి భయం. అవే కాదు, చెరువు భయం, బావి గిలక భయం, కూతురు జోషిత గొంతులో అన్నం మెతుకు అడ్డం పడుతుందేమోనని భయం. పిల్ల ఎనిమిదో నెలలోనే పుట్టి, అమలాపురం ఆసుపత్రిలో ఇరవై అయిదు రోజులు గాజు పెట్టెలో ఉంది. అప్పటి నుంచీ మాధురికి ఒక అలవాటు పడిపోయింది. పిల్ల నిద్రపోతే చాలు, వంగి చెవి దగ్గర పెట్టి ఊపిరి వింటుంది. ఆ పిల్లకి ఇప్పుడు రెండున్నరేళ్ళు. తల్లి ఇంకా వింటూనే ఉంది.

వినడం ఆమెకి చిన్నప్పుడే వచ్చిన విద్య. పుట్టిల్లు బండారులంక. ఇంటికి రెండు పక్కలా మగ్గాలే. ఏ ఇంట్లో మగ్గం ఆగిందో, ఎవరిది పోగు తెగిందో పక్క మీద నుంచే చెప్పేది. ఇంటర్ సగంలో చదువు మానిపించి పెళ్ళి చేస్తే ఈ చెరువు గట్టుకి వచ్చింది. భర్త నాగసతీష్ కాట్రేనికోన దగ్గర రొయ్యల చెరువుల మీద పని చేస్తాడు. పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తాడు.

ఏప్రిల్ నెలాఖరున వీరాయమ్మ చెల్లెలు కాలు విరిగి మంచాన పడింది. ఆవిడది ఆత్రేయపురం. ఆవిడకి సాయంగా వీరాయమ్మ ఓ నెల ఉండి వస్తానని వెళ్ళింది. వెళ్ళిన నాలుగో రోజు మధ్యాహ్నం జోషిత మూడో చెట్టు కింద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆడుకుంటూ, దాహమేసి లోపలికి వచ్చింది. గ్లాసు నోటి దగ్గర ఉండగానే పెరట్లో దబ్బుమని చప్పుడైంది. ఎండు మట్ట ఒకటి ఊడి, సరిగ్గా కుర్చీ మీద పడింది. కుర్చీ విరిగింది, దాని కాలొకటి ఎగిరి చెరువులో తేలుతోంది.

ఎప్పుడూ ఆ చెట్లెక్కే తాతబ్బాయి ఆ నెల మోకాలి నొప్పితో ఇంట్లో పడుకుని ఉన్నాడు. మాధురి ఆగలేదు. కరెంటు స్తంభానికి అంటించిన కాగితం మీద నంబరు చూసి ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున్నే భాస్కర్ అనే మనిషి చెట్లెక్కే మిషను బండికి కట్టుకుని వచ్చాడు.

"గెలలన్నీ దింపేయాలాండి?"

"గెలలు, మట్టలు అన్నీనండి. నడినెత్తిన మొవ్వు పక్కన నిటారుగా ఉన్నవి వదిలేయండి. ఒక్కటి కూడా కిందకి వేలాడకూడదు."

"పచ్చి మట్టలు కూడానాండి?"

"పచ్చివి మాత్రం రేపు ఎండవాండి?"

భాస్కర్ నవ్వాడు. "ఎండుతాయండి. కాని మామూలుగా అయితే మూరెడు మట్ట ఉంచి కోస్తామండి."

"ఆ మూరెడూ ఎప్పుడో ఊడి పడదాండి?"

"పడుద్దండి."

"అయితే మొదలంటా కొట్టేయండి."

భాస్కర్ ఒకసారి పైకి చూసి, ఒకసారి ఆమెని చూశాడు. "ఆయ్. మీ చెట్లు, మీ ఇష్టమండి" అని మిషను బిగించాడు. మధ్యాహ్నానికల్లా అయిదు చెట్లూ మూడేసి నాలుగేసి మట్టలతో, మెడలు సన్నబడి, నెత్తిన చీపురు కట్టలు పెట్టుకున్నట్టు అయిపోయాయి. కోసిన చోటల్లా తెల్లగా, తడిగా మెరుస్తోంది.

చెట్ల సంగతి అయిపోయింది, ఇక నీళ్ళు. రొయ్యల చెరువుల మీద కొంగలు వాలకుండా కట్టే నీలం వల పాతది ఒకటి నాగసతీష్ ఎప్పుడో తెచ్చి అటక మీద పడేశాడు. మాధురి దాన్ని దించి, దులిపి, మొదటి చెట్టు నుంచి అయిదో చెట్టు దాకా సాగదీసి, చెట్టుకి నాలుగేసి మేకులు దిగ్గొట్టి కట్టింది. సుత్తి ఆమె చేతిలో సరిగ్గా నిలవలేదు. కొన్ని మేకులు వంకరపోతే పీకి పక్కన మళ్ళీ కొట్టింది. ఆ రాత్రి చాలా రోజుల తరవాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

వీరాయమ్మ మే నెలాఖరున దిగింది. చేతిలో పూతరేకుల డబ్బా, చంకలో సంచీ. పెరట్లోకి వచ్చి చెట్లని కింద నుంచి పైకి, పై నుంచి కిందకి చూసింది.

"అయిదింటికీ ఒకేసారి గుండు చేయించేవు. తిరపతి మొక్కేమన్నా ఉందేంటే అమ్మాయ్?"

"పాప మీద మట్ట పడబోయిందండి అత్తయ్యగారూ." మాధురి గోడ వార ఉన్న విరిగిన కుర్చీ చూపించింది.

ఆవిడ కుర్చీ వంక చూసింది. తరవాత వల వంక చూసింది. మేకుల మీద చేత్తో రాసింది. కుర్చీ వంక మళ్ళీ చూసింది. "పిల్లకి పూతరేకు పెట్టు. నోట్లో కరిగిపోద్ది, నీకు భయముండదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. చెరువు నిండుతోంది. ఆషాఢం వచ్చాక ఒక పొద్దున జోషిత మూడో చెట్టు దగ్గర నిలబడి వేలు నోట్లో పెట్టుకోబోయింది.

"అమ్మా, బెల్లం."

మాధురి పరుగున వెళ్ళి వేలు లాగింది. మేకు కింద నుంచి చిక్కటి గోధుమరంగు జిగురు కారుతోంది. పక్కన వంకర మేకు పీకేసిన బెజ్జంలో నమిలి ఉమ్మినట్టు పీచు. వాసన పులిసిన పిండిలా ఉంది.

ఆ సాయంత్రమే తాతబ్బాయికి కబురు వెళ్ళింది. ఆయనకి అరవై దాటాయి. ఈ చెట్లు మొదటి గెల వేసినప్పటి నుంచీ ఎక్కుతున్నవాడు. కుంటుకుంటూ వచ్చి, జిగురు వేలికి రాసుకుని వాసన చూసి, చెట్టుని కావలించుకుని చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఎర్రముక్కు పురుగండి అమ్మగారండి. పిల్లలు పెట్టేసింది. లోపల తింటన్నాయి."

"ఎలా వచ్చింది తాతబ్బాయ్, నా చెట్లకి?"

తాతబ్బాయి తలెత్తి మెడ దగ్గర కోతలు చూశాడు. మేకులు చూశాడు. మాధురిని మాత్రం చూడలేదు. "పచ్చి దెబ్బ వాసనకి వస్తదండి. చెట్టుకి గాయమైతే దానికి పిలుపే. మట్ట మూరెడు వదిలేది అందుకేనండి. కోసిన చోట ఎండేదాకా, పురుగు గుడ్డు పెట్టినా ఆ మట్టలోనే ఉండిపోద్దండి. మొదలంటా కోస్తే తిన్నగా చెట్టులోకేనండి."

మాధురి చెట్టు దగ్గరికి వచ్చింది. "నేను వినొచ్చాండి?"

ఆమె చెవి ఆనించింది. ముందు తన గుండె చప్పుడే వినపడింది. తరవాత దాని వెనక, లోతుగా, తడి చెరకు పిప్పిని ఎవరో నెమ్మదిగా నములుతున్నట్టు. ఒకటి కాదు. కింద ఒకటి, భుజం ఎత్తున ఒకటి.

"మొవ్వు ఇంకా పచ్చగానే ఉందండి" అన్నాడు తాతబ్బాయి. "మొవ్వు వాలకపోతే ఆశ ఉన్నట్టేనండి. మందు పోద్దాం. చప్పుడాగితే చెట్టు బతికినట్టు. ఆగకపోతే మాత్రం కొట్టేయాలండి. ఉంచేమా, లోపల గూళ్ళు కట్టి, రెక్కలొచ్చి పక్క చెట్లకి పోతాయి. అయిదూ పోతాయండి. తల విరిగితే ఎటు పడుద్దో కూడా చెప్పలేం."

వీరాయమ్మ గట్టు వంక చూసింది. నీళ్ళు అప్పటికే గట్టు పైఅంచుకి మూరెడు కింద దాకా ఎక్కేశాయి.

మర్నాడు తాతబ్బాయి మేకులన్నీ పీకాడు. మూడో చెట్టుకి కింది బెజ్జాలు మట్టీ సిమెంటూ కలిపి మూసి, పైన ఏటవాలుగా ఒక కన్నం చేసి, గరాటు పెట్టి మందు పోసి, అదీ మూసేశాడు. మిగతా నాలుగు చెట్లకి మేకు బెజ్జాలు పూడ్చి, మెడ దగ్గర కోతలకి మందు రాశాడు. ఎక్కలేక మూడుసార్లు ఆగాడు. "కొత్త గెల వేసినా నలభై అయిదు రోజులు బొండం దించకండి, పిల్లకి అసలు ఇవ్వకండి" అని చెప్పి వెళ్ళాడు.

వల కింద కుప్పగా పడి ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక మాధురి చేతులు కట్టుకుని నిలబడింది.

"వల వద్దనడం లేదే, మేకులే వద్దంటున్నాను" అంది వీరాయమ్మ. "ఆ వెదురు గుంజలు పట్రా. చెట్టుకి బెత్తెడు ఇవతల పాతుదాం."

ఇద్దరూ గుంజలు పాతారు. వల కట్టడం మాత్రం వీరాయమ్మకి రాలేదు. మాధురి పోగులు ముడేసినట్టు వేలి కొసతో ముడులు వేసుకుంటూ పోయింది. ఆవిడ పక్కన కూర్చుని చూసింది గాని మెచ్చుకోలేదు.

అప్పటి నుంచి మాధురి పొద్దున్నే ముందు పిల్ల ఊపిరి విని, తరవాత చెట్టు వినేది. అయిదో రోజుకి నమిలే చప్పుడు పలచబడింది. ఎనిమిదో రోజుకి ఏమీ లేదు. పదో రోజు తాతబ్బాయి వచ్చి విని, చెట్టుని అరచేత్తో తట్టాడు. "చచ్చేయండి. గెలిచేం." వీరాయమ్మ డబ్బాలో దాచిన ఆఖరి పూతరేకులు ఆయన చేతిలో పెట్టింది.

పన్నెండో రోజు వాన వెలిసింది. మాధురి వల పక్క నుంచి వంగి చెట్టుకి చెవి ఆనించింది. ఏమీ లేదు. అయినా ఇంటి వైపు నుంచే విన్నానన్న సంగతి ఆమె మనసులో అడ్డం పడింది. చెట్టు నీటి మీదకి వంగి ఉంటుంది. దాని కడుపు చెరువు వైపు. అటు వినాలంటే నీళ్ళలోకి దిగాలి. ఆమె ఆ ఇంటికి వచ్చిన నాలుగేళ్ళలో ఆ చెరువులో పాదం తడుపుకోలేదు.

పిల్లని అత్తగారి దగ్గర కూర్చోబెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గట్టు పట్టుకుని దిగింది. బురద మోకాళ్ళ దాకా లాగింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. చెట్టు కింద నిలబడి, తల వెనక్కి వాల్చి చెవి ఆనించింది. నాచు వాసన. నీళ్ళ గలగల ఆగేదాకా కదలకుండా ఉండిపోయింది.

నములుతోంది. ఒక్కటే. సన్నగా, తీరిగ్గా, పైన.

"ఉందండి అత్తయ్యగారూ. నీటి వైపు ఉంది."

వీరాయమ్మ గట్టు మీద నుంచి చూసింది. "తాతబ్బాయి విని లేదన్నాడు గదే."

"ఆయన ఇటు దిగలేదండి."

"నీకు నిద్రలో కూడా ఏదో ఒకటి వినపడతానే ఉంటది. పైకి రా, జలుబు చేస్తది."

సాయంత్రం ఫోన్‌లో నాగసతీష్ కూడా అదే మాట అన్నాడు. "మందు పోసేం గదా. నీకు భయమెక్కువ, మాధురీ. అమ్మకి ఆ చెట్లంటే ప్రాణం. కొట్టేద్దాం అని నువ్వే అంటే ఏమనుకుంటాది?"

ఏమనుకుంటుందో మాధురికి తెలుసు. చెట్టు పోవాలని ముందు కోరింది ఈ కోడలే గదా అనుకుంటుంది. మట్టలన్నీ నరికించింది, మేకులు కొట్టింది, ఇప్పుడు చెవిలో చప్పుడొకటి కల్పించింది. వేరే వాళ్ళింట్లో ఇలాగే జరిగితే తనూ అలాగే అనుకునేదేమో.

మర్నాడు మళ్ళీ దిగింది. మళ్ళీ ఉంది. ఈసారి దానితో పాటు ఇంకో రకం చప్పుడు కూడా, పీచుని పట్టి చుట్టుతున్నట్టు, గీకుతున్నట్టు. తాతబ్బాయిని పిలిపించమని గట్టిగా అడిగింది. ఆయన వచ్చి, పంచె ఎగ్గట్టి, చెరువులోకి దిగి, ఆమె చూపించిన చోట చెవి పెట్టాడు. ఆ చెవి తీసి ఈ చెవి పెట్టాడు.

"నాకు వినపడతలేదండి. ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేనండి. ఈ చెవులు ముదిరిపోయేయి" అన్నాడు. "చెట్టు చూస్తే బాగానే ఉంది. మొవ్వు పచ్చగానే ఉందండి."

"విన్నావా?" అంది వీరాయమ్మ.

"నాకు చెట్టే వద్దనుకుంటే ఆ రోజు భాస్కర్ చేత మాను మొదలంటా కొట్టించేద్దునండి." అంది మాధురి. "ఇది ఉంచితే నాలుగో చెట్టుకి వస్తదండి. తరవాత మిగతావాటికి. గట్టు పోద్ది. నేను చేసిందే గదండీ ఇది. నేను చేసింది నాకు వినపడతంది."

వీరాయమ్మ చీర పైకి దోపి తనే నీళ్ళలోకి దిగింది. కోడలు పక్కన నిలబడి చెవి ఆనించింది. చెరువు అవతలి గట్టు మీద ఎవరో బట్టలుతికే చప్పుడు, కొంగ ఒకటి లేచిన చప్పుడు. అంతే.

"నాకూ ఏం లేదు" అంది. కాని పైకి రాలేదు. నీళ్ళలోనే నిలబడి, గట్టు మీద వల వెనక నుంచి చూస్తున్న జోషిత వంక చూసింది.

ఆ పిల్లకి ఎనిమిది నెలలున్నప్పుడు ఒక రాత్రి మాధురి అందరినీ లేపింది, ఊపిరి వెనక పిల్లికూత వినపడుతోందని. నాగసతీష్ విన్నాడు, లేదన్నాడు. వీరాయమ్మ విని లేదంది, కోడల్ని కసిరింది కూడా. తెల్లారాక మాధురి ఒక్కత్తే బస్సెక్కి పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నిమ్ము. ఇంకో రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. ఆ సంగతి తరవాత ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"ఎక్కడ?" అంది వీరాయమ్మ.

మాధురి వేలు పెట్టి చూపించింది. ఆమె తల కన్నా మూరెడు పైన.

"ఇప్పుడూ వినపడతందా?"

"ఆయ్."

ఆవిడ చెట్టు మీద అరచెయ్యి వేసి కాసేపు ఉంచింది. పదిహేనేళ్ళ కిందట ఆ మొక్క ఆవిడ మోకాలెత్తు లేదు. "తాతబ్బాయ్" అంది గట్టు మీదకి తిరిగి. "రేపు పొద్దున్నే మనుషుల్ని తీసుకురా. కొట్టేద్దాం. మొదలు మాత్రం పెకలించొద్దు. వేళ్ళు ఉన్నన్నాళ్ళు గట్టుని పట్టుకుంటాయి."

మర్నాడు నలుగురు మనుషులు మోకులు కట్టి, చెట్టుని నీటి వైపుకే పడేలా కొట్టారు. చెరువంతా ఒక్కసారి లేచి గట్టు మీదకి వచ్చింది. మాధురి పిల్లని ఎత్తుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. మొవ్వు పచ్చగా, నిటారుగా, నీళ్ళ మీద తేలింది. అది చూసి ఆమె పిల్లని ఇంకాస్త దగ్గరికి పట్టుకుంది. లోపల ఏమీ లేకపోతే?

మాను ఒడ్డుకి లాగి, ఆమె చూపించిన చోట తాతబ్బాయి గొడ్డలి వేశాడు. మూడో దెబ్బకి విచ్చుకుంది. లోపల చెక్క చెక్కలా లేదు. తడిసిన పీచు. అందులో పీచుతోనే చుట్టిన గూళ్ళు, బొటనవేలంతేసి. తాతబ్బాయి ఒకటి కత్తి కొసతో చీల్చాడు. రెక్కలు ముడుచుకున్న ఎర్రటి పురుగు, పొడుగు ముక్కుతో, కాళ్ళు కదుపుతోంది. ఇంకోటి చీల్చాడు. అదీ అంతే.

"ఇంకో వారం ఆగితే ఎగిరేవండి" అన్నాడు. ఆ తరవాత మొదటిసారి తిన్నగా మాధురి వంక చూసి, "కోడలుగారండి, ఈ ముక్కలన్నీ ఇప్పుడే కాల్చేయాలండి. కిరసనాయిలుందా?" అన్నాడు.

కాల్చారు. మధ్యాహ్నానికి మంట ఆరింది. మనుషులు వెళ్ళిపోయారు. వరసలో మధ్యన ఖాళీ. అందులో నుంచి చెరువు కనపడుతోంది.

వీరాయమ్మ ఆ ఖాళీ వంక చూస్తూ గుమ్మంలో కూర్చుంది. జోషిత వెళ్ళి ఒళ్ళో ఎక్కింది. మాధురి బూడిద మీద నీళ్ళు చల్లి, చేతులు కడుక్కుని, ఏదైనా అంటారేమోనని చూస్తూ నిలబడింది. ఏమన్నా పడదామనే అనుకుంది.

"అమ్మాయ్."

"ఆయ్, అత్తయ్యగారూ."

"ఆ నాలుగోది వినిరా. పిల్లని నేను చూస్తాలే."

మాధురి ముందు గట్టు మీద ఇంటి వైపు విని, కుచ్చిళ్ళు దోపుకుని చెరువులోకి దిగింది. నీటి వైపు కింద విన్నాక భుజం ఎత్తున, ఆ తరవాత మునివేళ్ళ మీద లేచి అందినంత పైన వింది. తొందరపడలేదు. గుమ్మంలో ఆవిడ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టి చప్పుడు చెయ్యకుండా ఆపింది.

"ఏమీ లేదండి" అంది చివరికి.

"సరే. రెండోది విను."